రెండో గాలం

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫోనులు కాసేపు బోర్లా పెట్టండి. కాఫీ చల్లారితే మళ్ళీ కాచి ఇస్తాను. మొన్న మా మనవరాలు చేపల వేటకని ఉత్తరాన పక్క రాష్ట్రానికి వెళ్తూ, కొట్లో కొన్న సామానంతా నా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. అందులో ఒక ప్లాస్టిక్ ప్యాకెట్టు. లోపల జానెడు ఇనప తీగ, దానికి ముందొకటి, వెనకొకటి, మూడేసి ముళ్ళున్న గాలాలు. "ఇలా రెండు కడితే పట్టుకుంటారే తల్లీ" అన్నాను. అది పకపకా నవ్వింది. "నో అమ్మమ్మా, పైక్ ఫిష్ కోసం ఇది ఇప్పుడు లీగలే. నేను రూల్స్ చెక్ చేశాను. బేబీ ఫిష్ చావకూడదని వాళ్ళే ఇది వాడమంటున్నారు" అంది. ఇప్పుడు లీగలేనట. ఇదే వస్తువును ఎనభైల మొదట్లో మా గరాజులో కూర్చుని మా మామగారు తన చేతులతో కట్టారు.

మామగారిది గోదావరి లంక. చదువు లేదు, నాలాగే. అత్తగారు పోయాక కొడుకులిద్దరూ కలిసి ఆయన్ని ఈ దేశానికి తెచ్చుకున్నారు. మేమప్పుడు నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు మీరు చూసే కొట్లూ హోటళ్ళూ లేవు, ఇంటి వెనకాల మొక్కజొన్న చేలు. ఆయనకు టీవీ అర్థం కాదు, చలికి బయట తిరగలేరు. ఆదివారం చర్చిలో నాలుగు తెలుగు మాటలు, మా ఇంట్లో నా నోటి నుంచి నాలుగు, అంతే ఆయన లోకం. అలాంటి మనిషిని బావగారు, అంటే ఆయన పెద్దకొడుకు, ఒక వేసవిలో చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రోజు మొదటిసారి పైక్ చేపను చూసి చిన్నపిల్లాడిలా ఎగిరొచ్చారు. "కొరమేనుకి మొసలి మూతి తగిలించినట్టుంది కోడలుపిల్లా! ఎరని అడ్డంగా కరుత్తాది. ఆనక తిప్పి మింగుద్ది" అని వంటింట్లో నా అట్లకాడ తీసుకుని మరీ చూపించారు.

ఆయన బాధల్లా ఒకటే. ఒంటి గాలమైతే చేప మింగేదాకా ఆగాలి. మింగాక గాలం కడుపులో దిగుతుంది. పిల్లచేపను నీళ్ళలో వదిలినా బతకదు. ఎరగా గుచ్చిన చేపకు తోక వైపు కూడా ఇంకో గాలం ఉంటే కరిచిన వెంటనే లాగొచ్చు, మూతికే తగులుతుంది, చిన్నదైతే వదిలేయొచ్చు. వాళ్ళ ఏట్లో ఒక్క తాడుకి బారెడుకొక గాలం చొప్పున ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వేసేవారట. అలాంటి చేతికి రెండు గాలాలు ఒక లెక్కా? అయినా ఆయన తొందరపడలేదు. పరాయి రేవులో వల దించేముందు ఆ రేవు పెద్దను అడగడం వాళ్ళ మర్యాద. ఇక్కడ రేవు పెద్ద లైసెన్సుతో పాటు ఇచ్చిన రూల్స్ పుస్తకమని ఆయనకు ఎవరో చెప్పారు. దాన్ని పట్టుకుని బావగారి ముందు కూర్చున్నారు.

"ఒరే పెద్దోడా, గాలాల గురించి ఏం రాశారో సదివి సెప్పరా."

బావగారు బేస్‌బాల్ చూస్తున్నారు. ఒక కన్ను టీవీ మీదే ఉంచి పేజీ తిప్పారు. "మూడు ముళ్ళున్నా ఒక్క గాలం కిందే లెక్కట నాన్నా."

"మరి అలాంటివి రెండు కడితే?"

"మూడు ముళ్ళకే లేనిది రెండింటికి ఏమంటారు? కట్టుకో."

ఆ కింది వాక్యం బావగారు చదవలేదు. ఒక దారానికి ఒక్కటే గాలం ఉండాలని అక్కడే రాసుందని తర్వాత మావారు చదివి చెప్పారు.

తర్వాతి శనివారం ఉత్తరాన ఆ పక్క రాష్ట్రంలోని చెరువుకి వెళ్ళాం. మావారికి డ్యూటీ ఉండి రాలేదు. నేను చికెన్ వేపుడూ పెరుగన్నమూ కట్టుకుని వెళ్ళాను. మామగారు రెండు గాలాలూ వేసి కూర్చున్నారు. కాసేపటికి నా చెయ్యంత చేప పడింది. మూతికే తగిలింది. "సూశావా!" అంటూ గాలం తీసి, చిన్నదని నీళ్ళలో వదిలేశారు. ఆ వదిలేటప్పుడే, చేపల వేటను తనిఖీ చేసే ఖాకీ బట్టల వార్డెన్ వచ్చాడు. మంచివాడే, టోపీ తీసి పలకరించాడు. తీగ చేతిలోకి తీసుకుని రెండు గాలాలు చూశాడు. ఎవరు కట్టారని అడిగాడు.

బావగారికి ఆ నెలలోనే సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది. కేసు తన మీద పడితే అది పోతుందని భయపడ్డారు. చేయి చాచి తండ్రిని చూపించారు. తన కణత మీద వేలు ఆడించి, ముసలాయన, చదువు రాదు, వద్దని చెప్పినా వినలేదు అని ఇంగ్లీషులో చెప్పారు. నాకు ఆ మాత్రం అర్థమైంది. లేచి, "నో సార్! హీ రీడ్! హీ టెల్!" అన్నాను. బావగారు నవ్వేశారు. "మా తమ్ముడి భార్య. ఈమెకూ ఇంగ్లీషు రాదు" అన్నారు. వార్డెన్ మామగారి పేరున జరిమానా టికెట్టు రాసి, తీగ తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అని మామగారు అడిగారు.

"ఏం లేదు నాన్నా. ఇక మీదట జాగ్రత్తన్నాడు."

మామగారు బావగారి వేలి వంక చూశారు. ఇంగ్లీషు రాకపోతేనేం, వేలికి భాష ఉంటుందా? గడ్డి మీద చేతులు తుడుచుకుని లేచారు. "సరేనండీ. మీరు కారు తీయండి" అన్నారు.

కన్నకొడుకుని! అప్పటిదాకా ఒరే, పెద్దోడా తప్ప ఎరగని నోరు. కోపమనుకున్నాం, తెల్లారితే పోతుందనుకున్నాం. పోలేదు. బావగారికి సిటిజెన్‌షిప్ వచ్చిన రోజు కేకు కోస్తే, "సంతోషమండీ" అన్నారు. మా ఆయన్ని మాత్రం చివరిదాకా ఒరే అనే పిలిచారు. అది బావగారిని ఇంకా కోసేది. గరాజులో గాలపు కర్రకు బూజు పట్టింది. ఎవరు పిలిచినా ఆయన మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. "నేను దొంగోణ్ణి కదమ్మా, నాకెందుకు?" అని నాతో ఒక్కసారి అన్నారు. అడిగి వేసిన గాలానికి ఆ పేరు పడటమే ఆయన్ని తినేసింది.

కొన్నేళ్ళకు ఆసుపత్రిలో, ఇక లాభం లేదని డాక్టరు చెప్పాక, బావగారు మంచం పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఒక్కసారి ఒరే అను నాన్నా. తిట్టయినా తిట్టు." మామగారు కళ్ళు తెరిచారు. ఆయన కుర్చీ వైపు చూపించి, "ఎంతసేపని నిలబడతారండీ, కూర్చోండి" అన్నారు.

అవే ఆయన ఆఖరి మాటలు.

ఆ రూలు మారిందట. మార్చినవాళ్ళు చెప్పే కారణం మా మామగారు అట్లకాడతో నాకు చెప్పిన కారణమే. బావగారు ఇంకా ఉన్నారు, డెబ్బై దాటాయి. ఆ ప్యాకెట్టు ఆయన కంట పడకుండా దాచమని మనవరాలికి చెప్పాను. కాలం రూల్స్ మారుస్తుంది గానీ, మనిషి నోట్లో ఆగిపోయిన పిలుపును మళ్ళీ పలికించలేదు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట పెద్దల నోట "ఒరే" అన్న పిలుపు ఏనాడూ ఎండిపోకూడదు.