చిలుకలు మిగిలిన గోడ

శ్రీరస్తు. చదువులతల్లికి మ్రొక్కి, ఫాల్గుణ శుద్ధ సప్తమి నాటి సాయంకాలం, బెంగళూరు యలహంకలోని మా యింట కూర్చుని, కోపం చల్లారకముందే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము బెంగళూరు దగ్గరి వర్తూరులో మట్టిగోడల ఇంట ఉండేవాళ్ళం. పండుగ వచ్చిందంటే మా నాయన తల్లి, మా అవ్వ, ముందుగోడకు ఎర్రమన్ను అలికేది. ఆ తడి ఆరకముందే సున్నపునీళ్ళలో వేళ్ళు ముంచి, భుజం నుండి చెయ్యి విసిరి, ఈ కొస నుండి ఆ కొసకు అలలు తీసేది. పువ్వు లేదు, నెమలి లేదు, దేవుడి బొమ్మ లేదు. అయినా ఆ గోడ ముందు నిలిచినవారికి చల్లని గాలి సోకినట్లుండేది.

ఊరి పెద్దింటాయన, మనుమడి నామకరణానికి తన ముందుగోడను అలాగే తీర్చిపెట్టమని ఆమెను పిలిపించాడు. అవ్వ పొద్దుగుంకేదాకా ఒంటిచేత్తో అలలు తీసింది. ఆమె తీర్చిన గోడలన్నిటిలోనూ అదే మేటి. మరునాడు దాన్ని చూపడానికి నన్ను వెంటబెట్టుకుని పోయింది.

గోడ నిండా పచ్చని చిలుకలు! ఆయన రాత్రికి రాత్రే అంగళ్ళ బోర్డులు వ్రాసేవాణ్ణి పిలిపించి, అలల మీద నూనెరంగుతో జంటచిలుకలు వేయించాడు.

"ఏంది సామీ ఇది?" అన్నది అవ్వ.

"ఉత్త గీతలే ఉండాయి గదమ్మా. చిలకలుంటే చెన్నాగుంటాదని వేయిస్తి."

"చిలకలు వాలేకి నా గోడే దొరికిందా? ఊర్లో చెట్లన్నీ కూలిపోయినాయా?"

ఆయన నవ్వాడు. "గోడ నాది గదమ్మా."

"గోడ నీదే సామీ. చెయ్యి నాది."

అని ఆమె తొట్టిలోని నీళ్ళు బిందెతో ముంచి తెచ్చి, పాతగుడ్డ తడిపి, గోడ తుడవసాగింది. చిలుకలను మాత్రం ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. వాటి రెక్కల అంచుల వెంట, ముక్కుల చుట్టూ, పసిబిడ్డ ముఖం కడిగినంత జాగ్రత్తగా తుడిచింది. సున్నమూ ఎర్రమన్నూ కలసి బురదగా కారిపోయాయి. అలలన్నీ పోయాయి; చిలుకలు మిగిలాయి. కొమ్మ లేదు, ఆకు లేదు. నామకరణానికి వచ్చిన చుట్టాలలో ఎవరో "పక్షులు బురదలో పడినాయేమప్పా!" అన్నారు. పందిరంతా నవ్వు.

ఆమెకని తీసిపెట్టిన చీరను అవ్వ ముట్టలేదు. నా మణికట్టు పట్టుకుని ఇంటికి నడిచింది. ఆ పట్టుకు నాకు కన్నీళ్ళు వచ్చాయి. మా గడపలో చెయ్యి వదిలి, "నచ్చకుంటే వద్దనమను, నేనే తుడిచేస్తా. నా పనిలో చెయ్యి పెడితే మాత్రం ఒప్పుకోను నాయనా," అన్నది.

ఇంతకాలానికి ఆ గోడ మళ్ళీ నా కన్నుల ముందు నిలిచింది. మా మనుమరాలు అక్రిలిక్ రంగులతో ఒక పటం వేసింది. అందులోనూ బొమ్మ లేదు. ఎరుపు మీద ఎరుపు, నడుమ ఒక తెల్లని విసురు. అమ్మకానికి పెట్టిన మొదటి పటం అది. దాన్ని కొంటానని ఈ ఉదయం ఒక పెద్దమనిషి వచ్చాడు. చూశాడు, మెచ్చాడు, తన సోఫా నీలంరంగుదని చెప్పి, ఈ ఎరుపునంతా నీలం చేసిస్తే వెంటనే తీసుకుపోతానన్నాడు. పిల్ల నీలపు ట్యూబు మూత తీసింది.

నా ఒళ్ళు మండింది. ఆనాడు చిలుకలు వేసింది పరాయి చెయ్యి. ఈనాడు ఈ పెద్దమనిషి ఆ పాపిష్టి పనిని వేసినదాని చేతనే చేయించజూశాడు! "సోఫాకు గలేబు మార్చుకోండి స్వామీ, చవకలో పోతుంది," అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని, ఆలోచించుకుని ఫోను చేయమని పిల్లతో చెప్పి వెళ్ళాడు.

"తాతా, ఫస్ట్ సేల్ ఇది. ఇంకెవరూ అడగనే లేదు," అని ఆమె ఏడ్చింది. ఆ అక్రిలిక్ రంగు ఆరితే నీటికి లొంగదు. పూసినది పూసినట్లే ఉండిపోతుంది. నేను బ్రతిమాలలేదు, మందలించనూ లేదు. అవ్వ గోడ సంగతి చెప్పాను. పిల్ల ఆ ఎరుపు వంక చూసి, కళ్ళు తుడుచుకోకుండానే ట్యూబుకు మూత బిగించింది.

అవ్వ రూపం నాకు మసకబారింది. మణికట్టు మీది ఆ పట్టు మాత్రం ఇంకా వదలలేదు.

ఫాల్గుణ బహుళ తదియ. పటం అమ్ముడుపోలేదు. మా ముందుగదిలో ఉంది. ఎర్రగానే ఉంది.