పిండని తువ్వాలలు

మా ఇంటి ఓనరు సాయిలుకు మనుషులు స్నానం చేస్తారని తెలుసుగానీ, చేశాక తుడుచుకుంటారని తెలియదు. తెలిసి ఉంటే మేడ మీది రెండు పోర్షన్లకూ అలాంటి బాత్రూములు కట్టించేవాడు కాదు. తలుపు తీస్తే ఎదురుగా గోడ, గోడకు నల్లా, నల్లాపైన జానెడు వెంటిలేటరు. ఆ వెంటిలేటరైనా ఆకాశాన్ని చూడదు, పక్కింటి గోడను చూస్తుంది. తువ్వాలలు ఆరేసుకోవడానికి ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకే ఒక్క స్టీలు రాడ్డు. పోనీ డాబా మీద ఆరేద్దామంటే దానికి తాళం. ముందు రెయిలింగు మీద ఏదైనా వేశామా, కింది నుంచి కేక వినబడేది.

“రోడ్డు మీదికెల్లి పోయేటోళ్లకు గిది ఇల్లు లెక్క కనవడాలె. బట్టల దుకాణం లెక్క కాదు!”

చిట్యాలలో ఆ మేడ మీద మా ఎదురు పోర్షన్‌లో ఉండేది వెంకటనర్సమ్మ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నేను జాకెట్లు కుట్టుకొని బతికేదాన్ని, ఆమె నేతపని ఇంటి మనిషి. బట్టే మా ఇద్దరినీ కలిపింది. ఆమె భర్త రాజం పెద్దబాపు, ఒక్కగానొక్క కొడుకు దయాకర్. తెలంగాణ వచ్చిన కొత్తలో వాళ్లు చండూరు దిక్కు నుంచి ఇక్కడికొచ్చారు. దయాకర్‌కు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ దొరికింది. పెద్దబాపుకేమో మోకాళ్లు పట్టేసి, గుంట మగ్గంలోకి దిగితే మళ్లీ పైకి లేవలేని పరిస్థితి. మగ్గం విప్పేసి వచ్చేశారు. వచ్చేటప్పుడు ఆయన చివరగా నేసిన ఎర్రంచు తువ్వాలల మూట ఒకటి తెచ్చుకున్నారు. ఇంట్లో ముగ్గురూ వాటితోనే తుడుచుకునేవాళ్లు. బజారులో దొరికే బొచ్చు తువ్వాలలంటే పెద్దబాపుకు మంట. “గవి తువ్వాలలా, గొంగళ్లా?” అనేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. తను నేసిన తువ్వాలను పిండకూడదు. తడిపి, జాడించి, మోచేతి మీద వేసుకొని నీళ్లు ఓడ్చి, అలాగే దండెం మీద పరచాలి. పిండితే పేక, అంటే అడ్డంగా నేసిన పోగు, పక్కకు జరుగుతుందట, ఒకసారి జరిగిన పేక మళ్లీ దాని జాగాకు రాదట. పెళ్లైన కొత్తలో పెద్దమ్మ తెలియక ఒక తువ్వాలను మెలితిప్పి పిండిందట. ఆయన మగ్గంలోంచి లేచొచ్చి, దాన్ని లాక్కొని, మళ్లీ నీళ్లల్లో ముంచి, ఆమె మోచేతి మీద పరిచి, నీళ్లన్నీ కారేదాకా ఆ చేతిని పట్టుకొని నిలబడ్డాడట. అత్తగారు చూస్తున్నా వదల్లేదట. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా ఆ ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని సిగ్గుపడేది.

“అప్పటి సంది పిండలేదు బిడ్డా. ఆయన నన్ను ఒట్టేయించుకోలే, ఏం లే. చెయ్యి వట్టుకున్నడు, గంతే.”

ఊళ్లో ఆ పద్ధతి బాగానే సాగింది. వాకిట్లో ఎండ, కింద మట్టి నేల. నీళ్లు కారితే నేల తాగేస్తుంది. ఇక్కడ కింద ఉన్నవి సాయిలు మోజుపడి వేయించిన నున్నటి టైల్సు. మూడు తువ్వాలలు పక్కపక్కన పట్టని రాడ్డు మీద ఒకదాని అంచు మీద మరొకటి వేసేది. అవి మధ్యాహ్నం దాకా కారుతూనే ఉండేవి. కింద బకిటు పెడితే ఒకదానికే చాలేది, పైగా తలుపుకు అడ్డం. అందుకని పెద్దమ్మ చేతిలో ఎప్పుడూ ఒక పాతగుడ్డ ఉండేది. ఆయన బాత్రూంకు లేచాడంటే చాలు, ముందు ఈమె పరుగెత్తి నేల తుడిచి వచ్చేది. “ఒక్క పిండు పిండు పెద్దమ్మా, ఆయన చూడొస్తడా?” అని నేను చాలాసార్లు అన్నాను. “చూసుడు దేనికి, ముట్టుకుంటే తెలుస్తది ఆయనకు” అనేది. ఇదేం మూర్ఖత్వమని విసుక్కునేదాన్ని. లోపల మాత్రం నాకు కుళ్లుగా ఉండేది. నా చెయ్యి పట్టుకొని అలా నిలబడ్డవాళ్లెవరూ లేరు.

ఒక ఏడాది ఎండలు మొదలయ్యే రోజుల్లో, ఒక పొద్దున పెద్దమ్మ తువ్వాలలు ఆరేసి, నేల తుడిచి, పాల పాకెట్టు కోసం కిందికి దిగింది. తుడిచిన నేల మీద తువ్వాలలు మళ్లీ కారాయి. నేల ఎప్పుడూ పొడిగా ఉంటుందన్న భరోసాతో పెద్దబాపు లోపలికి కాలు పెట్టాడు.

చప్పుడు విని ముందుగా ఉరికింది నేనే. ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. పైనుంచి నీటి చుక్కలు ఆయన ఛాతీ మీద పడుతున్నాయి. నొప్పితో ముఖం నల్లబడిపోయినా “ఎట్ల జారిన్నే? ఎట్ల జారిన్నే?” అని ఒకటే మాట. పెద్దమ్మ నా వెనకే వచ్చింది. ఆయన్ను చూసింది, తలెత్తి తువ్వాలలను చూసింది. అంతే, ఏడుస్తూ కింద కూలబడింది.

“నేనే అయ్యా, నా మతి మండ! సబ్బు కింద వెట్టి మరిచిన. సబ్బు మీద కాలేసినవ్!”

సబ్బు గోడకున్న డబ్బాలో పొడిగా ఉంది. నా కళ్లతో నేను చూశాను. నోరు తెరిచేలోపు ఆమె నావైపు ఒక చూపు చూసింది. దండం పెట్టినట్టున్న ఆ చూపుకు నోరు మూసుకున్నాను.

నల్లగొండ దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. రాడ్డు వేశారు. అయినా మనిషి లేవలేదు. మంచమే లోకమైపోయింది. అప్పటి నుంచి ఆయన ఆమెను తిట్టని పూట లేదు. చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. “గీమె సబ్బుకు నా కాలు బలైంది. గింత మనిషైంది, సబ్బు ఏడ వెట్టాల్నో తెల్వది!” వచ్చినవాళ్లు ఆమెకేసి అదోలా చూసి వెళ్లేవాళ్లు. దయాకర్ తల్లితో మాట్లాడటం తగ్గించాడు. అన్నం పెడితే తినేవాడు, అడిగితే ఊ అనేవాడు. ఆమె మాత్రం తల వంచుకొని అందరికీ అదే చెప్పేది, అవును, నేనే పెట్టిన, సబ్బు.

నాకు ఒళ్లు మండింది. ఒకరోజు నిలదీశాను. “ఎందుకు పెద్దమ్మా గీ దొంగమాట? లేని సబ్బును నెత్తికెత్తుకుంటవెందుకు?”

“నీళ్ల మీద జారినవంటే, ఆ నీళ్లు ఎందుకు కారినయని అడుగుతడు బిడ్డా. పిండలే గనుక కారినయ్. పిండద్దన్నది ఎవరు?” గుమ్మం దిక్కు చూసి గొంతు తగ్గించింది. “తన మాటే తనను మంచాన వడేసిందని తెలిస్తే, ఇగ మనిషి బతుకుతడా? నన్ను తిట్టుకుంటనన్న బతకనియ్యి.”

ఆనాటి నుంచి ఆమె తువ్వాలలు పిండటం మొదలుపెట్టింది. మంచంలో మనిషి ఉన్న ఇంట్లో తడి తువ్వాలలకు లెక్కేముంది? పొద్దున ఒళ్లు తుడవాలి, మధ్యాహ్నం పక్క తుడవాలి, చెమట తుడవాలి. పిండకపోతే ఆ రాడ్డు మీద అవి ఎప్పటికీ ఆరవు. ఆయనకు చప్పుడు వినబడకుండా మా బాత్రూంకు తెచ్చి పిండేది. మొదటిసారి మెలితిప్పేముందు మా తలుపుకు గడియ పెట్టించింది. ఒక్కదాన్ని మాత్రం పిండకుండా పక్కకు పెట్టింది. మొహం తుడుచుకోవడానికి ఆయన చేతికిచ్చేది ఆ ఒక్కటే. దాన్ని మా రాడ్డు మీద, మిగిలినవన్నీ తీసేసి, ఒంటరిగా పరిచేవాళ్లం. నా బట్టలు కుర్చీల మీద ఆరేవి. ఫర్వాలేదనుకున్నాను.

శ్రావణంలో ముసురు పట్టింది. వదలని ముసురు. ఆ గోడల మధ్య ఏదీ ఆరలేదు, అన్నిటికీ ముక్కిన వాసన. ఒక పొద్దున పెద్దబాపుకు కడుపు పాడై ఇంట్లో ఉన్న తువ్వాలలన్నీ అయిపోయాయి. పిండనిది మా రాడ్డు మీద ఇంకా నీళ్లు కారుతూనే ఉంది. ఆయన చలికి వణుకుతూ, “తువ్వాలేదే?” అని కేకలు. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని లాగి, ఉన్న బలమంతా పెట్టి పిండేసింది. నేను ఇస్త్రీపెట్టెతో దాన్ని పొడిగా చేశాను. చూసేవాళ్లకు బాగానే ఉంది.

ఆయన మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య బట్టను పట్టుకొని అంచు నుంచి లోపలికి మెల్లగా జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు.

“పిండినవా?”

“లే.”

“నర్సమ్మా, పిండినవ్.”

ఆయన కోపం చేస్తాడని నేను గుమ్మంలోనే బిగుసుకుపోయాను. కోపం రాలేదు. తువ్వాలను ఛాతీ మీద పరుచుకొని, జరిగిన పేకను గోటితో సర్దబోయాడు.

“ఏనాడు పిండనిదానివి, ఇప్పుడెందుకు పిండినవ్? నీళ్లు కారుతయనా?” అన్నాడు. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది. ఆ తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. “ఆ దినం సబ్బు లేకుండె గదా.”

“ఉండె! ఎందుకు లేకుండె? నేనే వెట్టిన!” పెద్దమ్మ ఆయన కాళ్ల మీద పడింది. “సబ్బు కిందనే ఉండె. దయాకర్ మీద ఒట్టు! నా కొడుకు మీద ఒట్టు!”

“వద్దే” అన్నాడు పెద్దబాపు. “పోరని మీద ఒట్టెయ్యకు.”



ఆ రోజు నుంచి ఆయన ఆమెను తిట్టడం మానేశాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు సబ్బు సంగతి ఎత్తితే, “నా కాలే జారింది, ఆమెనేం అనకుండ్రి” అనేవాడు. అందరూ ఆయనకు శాంతం వచ్చిందన్నారు. ఆ శాంతాన్ని పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. ఆయన నోటి నుంచి ఒక్క తిట్టు రప్పించాలని ఆమె చేయని పని లేదు. కూరలో ఉప్పు వేయకుండా పెట్టింది. మంచినీళ్లు అడిగితే కావాలని ఆలస్యం చేసింది. ఆయన ఆ చప్పిడి కూర కలుపుకొని, “మంచిగున్నది” అంటూ తినేవాడు. ఆమె మా ఇంటికొచ్చి, నా మిషను మీద తల పెట్టుకొని ఏడ్చేది. “ఒక్కపారి తిట్టమను బిడ్డా. నువ్వన్న చెప్పు. ఒక్కపారి.”

ఏం చెప్పను? ఆమె తిట్లు తింటూ దాచినదాన్ని ఆయన వేళ్లు కనిపెట్టేశాయి. తను బతికినన్నాళ్లూ సరైనదని నమ్మిన మాట తనను పడేసిందని ఆయనకు తెలిసిపోయింది. ఇంత నరకాన్ని ఆమె భరించింది ఆ ఒక్కటి తెలియకూడదనే. ముసురు విడవకముందే ఆయన పోయాడు. తిండి సయించక పోయాడన్నారు. నేను ఆ మాట నమ్మను.

పదో దినం నాడు చుట్టాలంతా ఇంట్లో కూడారు. ఎవరో ముసలాయన, అంత గట్టి మనిషి ఇంత తొందరగా ఎలా పోయాడని అడిగాడు. గుండు చేయించుకొని గోడకానుకొని ఉన్న దయాకర్, అన్నాళ్లూ లోపల పెట్టుకున్నది అందరి ముందూ కక్కేశాడు.

“మా అవ్వ సబ్బు జాగల వెట్టుంటే మా బాపు బతికుండేటోడు.”

ఇక చాలనుకొని, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని లేచాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. ఆ పట్టు ఎంత గట్టిదంటే, తర్వాత చాలాసేపు నా చెయ్యి మండింది. కొడుకువైపు తిరిగి, చేతులు జోడించి, దాదాపు ఆశగా అంది.

“అవు కొడుకా. నేనే వెట్టిన. తిట్టు, ఇంకా తిట్టు.”