సీసా పాలకు ఎండ తగిలితే

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఓ మే నెలలో, నన్ను తెనాలిలోని ఒక డెయిరీకి క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరుగా వేశారు. ఆ హోదాలో ఉన్నవాళ్లు సంతకం పెడితేనే పాల వ్యాను గేటు దాటాలి.

అప్పుడే మా డెయిరీ, లోపలి పాలు పైకి కనబడే ప్లాస్టిక్ సీసాలు మొదలుపెట్టింది. వాటిలోకి పిట్టలవానిపాలెం పాల సేకరణ కేంద్రం నుంచి వచ్చే పాలే పోసేవాళ్లం. పది రోజులు తిరక్కుండానే బాపట్ల, రేపల్లె కొట్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, పాలు ఈకలు కాల్చిన వాసన వేస్తున్నాయని. ఆ కేంద్రం నుంచి పాలు ఆపేద్దామన్నారు మేనేజరు గారు. నేను రెండు రోజులు గడువడిగాను.

పులుపు చూశాను, సరిగానే ఉంది. మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు కలిపాను. సూక్ష్మజీవులు ఎక్కువుంటే ఆ రంగు తొందరగా పోతుంది. గంటలు గడిచినా పోలేదు. నాకు పాలుపోలేదు.

మర్నాడు కేంద్రం నడిపే సుగుణమ్మ నేరుగా ల్యాబుకే వచ్చింది. ముప్పై ఇళ్ల పాలు ఆమె చేతి మీదుగానే వస్తాయి.

"మేడమ్ గారూ, ఆ పాలే తెనాల్లోనూ అమ్ముతున్నారు కదండి. మా గేదెలు తెనాలోళ్ళకి మంచి పాలు, రేపల్లోళ్ళకి కంపు పాలు వేరేగా ఇస్తాయేంటండి?"

నిజమే. అది నాకు తట్టనే లేదు. ఆమెను వెంటబెట్టుకుని రేపల్లె వెళ్లాను. కొట్టు ముందు అద్దాల ఫ్రిజ్, దాని మీద సూటిగా పొద్దుటి ఎండ. నలుగురి కంట్లో పడాలి కదండీ, అన్నాడు కొట్టాయన. బాపట్లలోనూ అంతే. తెనాలి కొట్లలో మాత్రం సీసాలు పైన మూత ఉండే పెట్టెలాంటి ఫ్రిజ్‌లో, చీకట్లో ఉన్నాయి.

పాలు విరిగితే తేరే నీళ్లకు లేత పసుపు రంగునిచ్చేది రైబోఫ్లేవిన్, అంటే బి-టూ విటమిన్. దీన్నుంచి తయారయ్యే ఫ్లేవిన్లు మన కణాల్లో ఆహారం నుంచి హైడ్రోజన్ అందుకుని ముందుకు అందిస్తాయి. మనకు శక్తి అందేది ఆ అందిపుచ్చుకోవడం వల్లే. కానీ వెలుగు తగిలితే రైబోఫ్లేవిన్ రెచ్చిపోతుంది. పక్కనున్న మాంసకృత్తులను పాడుచేసి, తానూ నశిస్తుంది. ఆ వాసన అక్కడిది.

చదివిన సంగతే. చూపించడమే మిగిలింది. ఒకే క్యాన్ పాలు రెండు సీసాల్లో పోసి, ఒకదానికి నల్లగుడ్డ చుట్టి, రెంటినీ ఐసు నీళ్లలో ముంచి డాబా మీద ఎండలో పెట్టాను. రెండు గంటల తర్వాత మేనేజరు గారికి రెండింట్లోంచీ ఒక్కో గ్లాసు ఇచ్చాను. గుడ్డ చుట్టిన సీసా పాలు పూర్తిగా తాగారు. రెండోది ఒక్క గుక్క తాగగానే కిటికీలోంచి ఉమ్మేశారు.

"రెండూ మా పాలేనండి," అంది సుగుణమ్మ.

ఆయనే ముందు నవ్వారు. వారంలోపు సీసాలు తెల్లటివయ్యాయి, లోపలికి వెలుగు పోనివి. కేంద్రం నుంచి పాలు ఒక్క పూట కూడా ఆగలేదు.

ల్యాబు పరీక్ష మనం అడిగినదానికే జవాబిస్తుంది. అప్పట్నుంచి పాలు చెడాయంటే, ఎవరు పోశారని అడగడానికి ముందు ఎక్కడెక్కడ ఉంచారని అడిగేదాన్ని.