కాగితం మీద జీతం

అట్టలాయన పన్నుల మాట ఎత్తకుండా ఒక్క పూట గడిపాడంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. ఆయనకి అట్టపెట్టెలు చేసే షెడ్డు ఉంది. చెప్పుల పెట్టెలు, గాజు గ్లాసుల పెట్టెలు, సబ్బుల పెట్టెలు, ఎవరికి ఏది కావాలంటే అది. అందుకే అందరికీ ఆయన అట్టలాయనే. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అక్కడే ఉంటుంది. పాపం, ఎవరో పెట్టె ధర కనుక్కుందామని వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

"అట్ట కొంటే పన్ను, పెట్టె అమ్మితే పన్ను, నాలుగు రాళ్లు మిగిలితే దాని మీద పన్ను. మిగల్లేదనుకోండి, ఎందుకు మిగల్లేదో చెప్పమని నోటీసు! సరుకు తీసుకున్నవాడు నాకు డబ్బిచ్చేది ఎప్పుడో. పన్ను మాత్రం బిల్లు రాసిన నెలే కట్టాలట. నా చేతికి రాని డబ్బు మీద నేను కట్టడమేంటండీ? ఇదెక్కడి న్యాయం?"

వచ్చినవాడు తల ఊపేవాడు. ఊపకపోతే ధర చెప్పడు కదా.

"ఎనిమిది మందికి పనిచ్చాను నేను. ఎనిమిది ఇళ్లల్లో పొయ్యి వెలుగుతోందంటే ఈ షెడ్డు వల్లే. ఇన్నేళ్లలో ఒక్కరినీ పని మానేయమనలేదు. నాకేం దండలు వేసి ఊరేగించక్కర్లేదండీ. నా జేబులో చెయ్యి పెట్టకుండా ఉంటే అంతే చాలు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చిక్కల్లా అదే. జీతాలు ఆయన ఏనాడూ ఆపలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని నెలలో కూడా అప్పో సప్పో చేసి, ఎనిమిది మందికీ ఇచ్చాకే ఇంటి మొహం చూసేవాడు. తనకి మాత్రం ఎప్పుడూ ఆ రెండు చొక్కాలే. జ్వరమొచ్చినా షెడ్డుకే, పెళ్లి పిలుపొచ్చినా షెడ్డుకే. కష్టపడ్డాడు, కాదని ఎవరంటారు? కాకపోతే ఆ కష్టాల కథ కటింగ్ మిషను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు పూడుకుపోయేది. "ఈ మిషను కోసం ఒంటి మీద బంగారం అమ్ముకున్నానండీ" అనేవాడు. ఎవరి ఒంటి మీద? ఆయన ఒంటి మీద బంగారం ఏనాడు ఉంది గనక? అవి ఆయన భార్య గాజులు. గాజులు ఆవిడవి, త్యాగం ఈయనది! బాగుంది కదూ?

ఆవిడ ఆ మాటలు వినపడేంత దగ్గరలోనే ఉండేది. షెడ్డులో అందరూ ఆవిడని అక్క అని పిలిచేవారు. పొద్దున్నే షట్టరు ఎత్తేది అక్క. ఏ ఆర్డరు ముందు, ఏది వెనక అని చెప్పేది అక్క. ఫోనెత్తేది, అరిచేవాళ్లని బుజ్జగించేది, చివర్న ప్రతి పెట్టెకీ మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసేది, జిగురు అంటించేవాళ్లు తక్కువైతే తనూ నేల మీద చతికిలబడి అంటించేది. మధ్యలో ఒక పరుగు ఇంటికెళ్లి వంట చేసుకొచ్చేది. సాయంత్రం అందరూ వెళ్లాక కత్తిరింపు ముక్కలు ఊడ్చేది కూడా ఆవిడే. ఇంత చేసినా షెడ్డులో ఎంతమంది పని చేస్తున్నారంటే ఎనిమిది మందే. తొమ్మిదో మనిషి లెక్కలోకి రాదు. ఆవిడ ఇంటి మనిషి మరి!

ఆ ఏడాది లెక్కలు మూసే రోజుల్లో ఆడిటరు షెడ్డుకి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఎంత చెడ్డ కబురైనా మంచినీళ్లు అడిగినంత మెల్లగా చెప్తాడు. ఈసారి కొంచెం లాభం కనిపిస్తోందని, దాని మీద పన్ను గట్టిగానే పడుతుందని చెప్పాడు. అట్టలాయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"కంగారు పడకండి, దారి ఉంది" అన్నాడు ఆడిటరు. "మేడమ్‌గారికి నెలనెలా జీతం ఇస్తున్నట్టు చూపిద్దాం. సూపర్‌వైజరు అని రాద్దాం. ఆవిడ జీతం మీకు ఖర్చు అవుతుంది, ఆ మేరకి లాభం తగ్గుతుంది. ఆవిడకి వేరే రాబడి లేదు కాబట్టి ఆవిడకీ పన్ను పడదు."

"అబ్బ! ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పలేదేమండీ?" అని అట్టలాయన లేచి నిలబడ్డాడు. ఆడిటరు రాసిచ్చిన కాగితం మీద గబగబా సంతకం గీకేశాడు. "ఏమే, ఇటు రా. సంతకం పెట్టాలి."

ఆవిడ చేతులకంటిన జిగురు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కాగితం చేతిలోకి తీసుకుంది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేయకుండా, చదివింది. ఆవిడ పేరు ఉంది. సూపర్‌వైజరు అని ఉంది. నెలకి ఇంత అని ఉంది, కింద మొగుడి సంతకం ఉంది. రెండోసారి చదివింది.

"ఇది నాకిస్తారా?" అంది.

అట్టలాయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కుర్చీ పట్టుకున్నాడు. "విన్నారా ఆడిటరు గారూ? జీతం ఇస్తారా అంటోంది! ఒసే పిచ్చిదానా, అది కాగితం మీదే. నీకు జీతమేంటే, నలుగురూ వింటే నవ్విపోతారు!" కటింగ్ మిషను దగ్గరున్న పొడుగాయన కూడా ఓనరు నవ్వాడు కదా అని నవ్వాడు. ఆడిటరు మర్యాదస్తుడు, ఓ చిరునవ్వుతో సరిపెట్టాడు. మూల కూర్చుని జిగురు కలుపుతున్న పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి ఆమె. అక్క మొహం వైపు ఒకసారి చూసి తల దించేసుకుంది.

అక్క సంతకం పెట్టింది. "ఇలాంటిదే ఇంకో కాపీ నాకు కావాలి" అంది. ఆడిటరు ఇచ్చాడు. అట్టలాయన దేనికని అడగలేదు. పన్ను తగ్గిన సంబరంలో ఆ రోజంతా ఈలలు వేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "సోమవారం నుంచి నేను షెడ్డుకి రాను. మందుల కంపెనీలో పని దొరికింది."

"ఎవరికి?"

"నాకే."

అట్టలాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నీకెవరిచ్చారే పని?"

"ప్యాకింగ్ హాల్లో మనిషి కావాలన్నారు, వెళ్లాను. అనుభవం ఉందా అని అడిగారు. మీరు సంతకం పెట్టిన కాగితం చూపించాను. సూపర్‌వైజరుగా జీతం తీసుకుంటున్నానని మీరే రాశారుగా."

"అది ఉత్తుత్తి కాగితమే!"

"కాగితం ఉత్తుత్తిదే. చేసిన పని ఉత్తుత్తిది కాదుగా" అంది, కూర గిన్నె ఆయన ముందుకి జరుపుతూ.

అరిచాడు. నలుగురిలో నా పరువేం కావాలన్నాడు. ఎనిమిది మందికి పనిచ్చే మనిషి పెళ్లాం ఎవడి దగ్గరో జీతానికి వెళ్తుందా అన్నాడు. ఆవిడ ఎదురు చెప్పలేదు, ఏడవలేదు, అన్నం తిని గిన్నెలు కడుక్కుంది. సోమవారం పొద్దున కంపెనీ బస్సు వీధి చివర ఆగింది. చెప్పులేసుకుని వెళ్లి ఎక్కింది. రెండు రోజులు పోతే కాళ్లు నొప్పెట్టి తనే వస్తుందిలే అనుకున్నాడాయన. రెండు రోజులు పోయాయి, రెండు వారాలూ పోయాయి.

షెడ్డు సంగతి చెప్పాలంటే జాలేస్తుంది. మొదటి వారమే చెప్పుల పెట్టెలకి గ్లాసుల పెట్టెల మూతలు కట్టి పంపారు. చెప్పుల కొట్టువాడు ఫోన్ చేసి తిట్టిన తిట్లకి అట్టలాయన చెవులు గింగురుమన్నాయి. సరుకంతా వెనక్కి తెచ్చుకుని మళ్లీ చేశారు. ఒక ఆర్డరు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. ఎలా ఉంటుంది? ఆర్డర్లన్నీ అక్క బుర్రలో ఉండేవి. ఎనిమిది మందీ పాపం తమ పని తాము చేస్తూనే ఉన్నారు. ఏది ముందో ఏది వెనకో చెప్పేవాళ్లే లేరు. ప్రతివాళ్లూ ఆయన్నే అడిగేవారు, ఆయన కోప్పడేవాడు, మళ్లీ అడిగేవారు. పన్నుల మీద ఉపన్యాసం ఇవ్వడానికి తీరికే చిక్కలేదు. ఒక కుర్రాణ్ణి సూపర్‌వైజరని పెట్టుకుంటే వాడు వారం తిరక్కుండానే "ఇది నలుగురు చేసే పనండీ బాబూ" అని దణ్ణం పెట్టి పోయాడు.

తల ప్రాణం తోకకి వచ్చాక అట్టలాయన ఆడిటరు గదికి వెళ్లాడు. సిగ్గు చంపుకుని అడిగాడు. "మా ఆవిడకి నిజంగానే జీతం ఇస్తాననుకోండి. ఎంతివ్వగలను?"

ఆడిటరు చాలాసేపు లెక్కలు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచినీళ్లు అడిగినంత మెల్లగానే అన్నాడు. "ఇవ్వలేరండీ."

"అదేంటి? లాభం ఉందన్నారుగా?"

"ఉంది. ఆవిడ జీతం లేదు కాబట్టి ఉంది. ఆవిడకైనా, ఆవిడ పని చేసే ఇంకొకరికైనా నిజంగా జీతం ఇవ్వాలంటే మీరు ఎనిమిది మందిని పెట్టుకోలేరు. కనీసం ఒకరిని తీసేయాలి. పని నెమ్మదించినవాళ్లు ఎవరైనా ఉంటే చూసుకోండి." ఏదో పాపం చేసినవాడిలా అన్నాడు. "నిజానికండీ, ఇన్నేళ్లూ అందరికీ జీతాలిచ్చింది ఒకరకంగా ఆవిడే."

అట్టలాయన ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చాడో, రోడ్డు ఎలా దాటాడో ఆయనకే తెలియదు. పని నెమ్మదించినవాళ్లు ఎవరో ఆలోచించక్కర్లేదు. జిగురు పెద్దమ్మ. ఈ మధ్య ఆమె వేళ్లు సరిగ్గా వంగడం లేదు. ఆమెని పొమ్మంటే ఆమెకి ఇంకో చోట పనిచ్చేవాడు లేడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు. అప్పుడే ఒక ఆలోచన తట్టింది. ఇంట్లో ఆవిణ్ణి ఎలాగోలా ఒప్పిస్తే, జీతం గీతం లేకుండా మునుపటిలా రమ్మంటే, ఎవరినీ తీయక్కర్లేదు. ఆ ఆశ పట్టుకునే ఇంటికి వచ్చాడు.

ఆవిడ అప్పుడే కంపెనీ బస్సు దిగి వచ్చినట్టుంది. చెప్పులైనా విప్పకుండా గడప దగ్గరే కూర్చుని ఉంది. చేతిలో చిన్న కాగితం. మొదటి నెల జీతం చీటీ. ఆయన్ని చూడగానే చిన్నపిల్లలా చెయ్యి చాచి చూపించింది. అన్ని రోజులుగా ముభావంగా ఉన్న మనిషి అలా నవ్వేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. చీటీ తీసుకుని చదివాడు. అలవాటు చొప్పున కళ్లు ముందు పీఎఫ్, వృత్తి పన్ను కోతల దగ్గరికే వెళ్లాయి.

"చూశావా? చూశావా దొంగలు! మొదటి నెలే ఇంత కోసేశారు! నే చెప్తే విన్నావా?" అన్నాడు. నిజంగానే కోపం వచ్చింది, భార్య చెమట మీద పన్నేంటని.

ఆవిడ చీటీ మెల్లగా వెనక్కి తీసుకుంది. "కోసుకోనివ్వండి. ఇన్నేళ్లూ నా దగ్గర కోసుకోవడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు."

ఆయన పక్కనే కూలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. మూతలు తారుమారైన సంగతి, కుర్రాడు పోయిన సంగతి, ఆడిటరు అన్నదంతా చెప్పాడు. పెద్దమ్మ పేరు దగ్గర నోట్లో మాట నోట్లోనే ఆగింది, అయినా చెప్పాడు. "నువ్వు మళ్లీ వచ్చెయ్యవే. నువ్వొస్తే ఎవరినీ తీయక్కర్లేదు."

"ఎంతిస్తారు?" అంది.

ఎగతాళి కాదది, నిజంగానే అడిగింది. ఆయన నోరు తెరిచాడు, ఏ అంకె చెప్పబోయినా అందులోంచి పెద్దమ్మ కనిపించింది. చివరికి తల దించుకుని, ఇన్నేళ్లలో ఎవరి ముందూ అనని మాట అన్నాడు. "నీకు జీతం ఇచ్చే స్తోమత నాకు లేదే."

"తెలుసు" అంది ఆవిడ. "మొదట్నించీ తెలుసు. అందుకే ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మీరు అలా నవ్వకుండా ఉండి ఉంటే ఇప్పుడూ అడిగేదాన్ని కాదు."

ఆ మాటకి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పయిపోయిందని అనాలనుకున్నాడు. అన్నాడు కూడా, సగమే వినపడింది. ఆవిడ ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. పొద్దున్నే బస్సు వస్తుంది, వంట త్వరగా అయిపోవాలి.

అట్టలాయన గడప దగ్గరే ఉండిపోయాడు. ఆవిడ ఇక రాదు, జీతానికి ఇంకొకరిని పెట్టుకోవాలంటే రేపు పెద్దమ్మకి పని మానేయమని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలి, ముందు ఏమనాలి, ఆమె ఏడిస్తే ఏం చెయ్యాలి, ఏమీ తెలియలేదు. లోపలికి వెళ్లి భార్యని అడుగుదామనుకుని సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఎవరికి ఏ కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినా, అది చెప్పిందీ ఆవిడే.