పెళ్ళిలో చావు పాట

మదనపల్లెలో పుట్టి ట్రంపెట్ ఊదుకునేవాడికి సముద్రంతో ఏం పని అని మా బ్యాండువాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. పని ఉంది. మంచుకొండను గుద్దుకుని మునిగిన ఆ పెద్ద ఓడ మీద వాద్యగాళ్ళు చివరిదాకా వాయిస్తూనే ఉన్నారని బళ్ళో విన్ననాటి నుంచి వాళ్ళంటే నాకు పిచ్చి. ఆఖరున వాయించింది చర్చి కీర్తన అని కొందరు, కాదు డ్యాన్సు పాట అని కొందరు ఇప్పటికీ తగువులాడుకుంటారు. నాకైతే కీర్తనే కావాలి.

ఒకసారి కుప్పంలో పెళ్ళి ముగించుకుని వ్యానులో వస్తూ ఈ కథంతా మా మాస్టరుకు చెప్పాను. ఆయన సాయిబు, క్లారినెట్ వాయిస్తాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. చర్చి కీర్తనలు మాత్రం పాస్టరు కంటే బాగా వచ్చు. ఎవరు పిలిచినా పోయే మేళం మరి మాది. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ పాటకి కాలు ఎట్ల పడతాదప్పా? బిరబిరానా, మెల్లగానా?"

నాకు ఒళ్ళు మండింది. అంతమంది ప్రాణాలు పోతుంటే ఈయనకు కాళ్ళ గోలేమిటి!

పోయిన ఏడాది పుంగనూరులో మా వీధివాళ్ళ అమ్మాయి పెళ్ళి. మేళం మాదే, పిలుపు మా అమ్మకు కూడా. తాళి కట్టడం అయ్యాక అమ్మ పై అంతస్తుకు భోజనానికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మేం కింద మెట్ల పక్కనే సినిమా పాట దంచుతున్నాం. ఇంతలో వంటింటి వైపు నుంచి పొగ కమ్ముకొచ్చింది. "మంటలు!" అని ఎవరో అరిచారు. పైనున్న జనమంతా ఆ ఇరుకు మెట్ల మీదికి తోసుకొచ్చారు. వేరే దారి లేదు.

నేను ట్రంపెట్ కింద పెట్టి లేచాను. ఆ గుంపులో అమ్మ పడిందంటే తొక్కేస్తారు. మాస్టరు నా చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు ఎదురుపోతే తొక్కులాట ఇంకా ఎక్కువయితాది. ఊదప్పా, సమాధుల తోటకి పోయేటప్పుడు ఊదేది!"

శవపెట్టె మోసేవాళ్ళ అడుగు తడబడకుండా నిదానంగా ఊదే కీర్తన అది. పెళ్ళిలోనా అనుకునేలోపే ఆయన ఎత్తుకున్నాడు. డ్రమ్ము అందుకుంది. ఏడుస్తూనే నేనూ ఊదాను. ఏడుస్తూ ట్రంపెట్ ఊదడం ఎంత కష్టమో ఊదినవాడికే తెలుసు.

ఆ పాట వినబడితే మా పక్క ఎవరైనా సరే నెమ్మదించి, పక్కకు జరిగి దారిస్తారు. చిన్నప్పటి నుంచి కాళ్ళకు అలవాటు. మెట్ల మీద తోపులాట తగ్గింది. ఒకరి వెనక ఒకరు పాట నడకకే దిగసాగారు. ఆయన అడిగిన కాళ్ళ సంగతి అప్పుడు కదా నా తలకెక్కింది! పొగకు కళ్ళు కారిపోతున్నా మాస్టరు క్లారినెట్ దించలేదు. ఆ ఓడ మీది వాళ్ళను నేను చూడలేదు. ఈయన్ని చూశాను, చాలు.

అందరికన్నా చివర అమ్మ దిగింది, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ.

మంట ఆరాక, బయట పెళ్ళికొడుకు పెదనాన్న మాస్టరు మీదికి వచ్చాడు. "శుభమా అని పెండ్లి సేస్తాంటే శవాల పాట వాయిస్తావా? ఎందుకు వాయిస్తివి?"

మా అమ్మ ఊరుకునే రకం కాదు. ఆయాసపడుతూనే అడ్డం వచ్చింది.

"శవాల పాటేలేప్పా. యాడుండాది శవం? సూపించు."