మార్గిట్ అత్త తిట్టని మనిషి

మార్గిట్ అత్తకి ఉన్నది ఒక్కటే జబ్బు. బునాద్ కట్టుకున్న మనిషి కంటపడితే చాలు, తప్పు పట్టకుండా ఉండలేదు.

మే పదిహేడు జాతీయ దినం, దేశమంతా పండగ. ఆ రోజు ఊరు ఊరంతా తాతల నాటి పండగ వేషమైన బునాద్‌లోనే ఉంటుంది: కుచ్చుల ఉన్ని పావడా, కుట్టుపని చేసిన రవికె, మెడ కింద అమ్మమ్మల నాటి వెండి పతకం. ఊరేగింపు బయలుదేరే చర్చి మెట్ల మీద మార్గిట్ అత్త చెక్క కొలబద్ద పట్టుకుని నిలబడుతుంది. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి బునాద్ పోలీసని పేరు పెట్టారు. ఆవిడ దాన్ని బిరుదనుకుంది.

"హెర్డిస్! ఆ నల్ల కళ్ళద్దాలు తియ్!"

"ఎండ అత్తా, కళ్ళు పోతున్నాయి."

"మీ ముత్తవ్వ ఇదే ఎండలో కళ్ళు చికిలించుకుని పెళ్ళి చేసుకుంది. నువ్వూ చికిలించు."

హెర్డిస్ బ్యాంకు మేనేజరు భార్య. అయితే ఏం, మార్గిట్ అత్తకి ఆవిడైనా ఒకటే, పాస్టరు గారైనా ఒకటే. ఒక ఏడు పాస్టరు గారు మగవాళ్ళ బునాద్ కింద పరుగు బూట్లు వేసుకొచ్చి, ప్రార్థన అయ్యేదాకా పాదాలు బల్ల వెనక దాచుకున్నాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి మార్గిట్ అత్త వంగి బల్ల కిందికి చూస్తోంది. ఆడపిల్లలైతే చెవిపోగులు బుగ్గలో దాచుకుని, మూగవాళ్ళలా తలూపుతూ ఆవిణ్ణి దాటేవాళ్ళు.

ఆవిడ తిట్టని మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది. సున్నివా.

సున్నివా బళ్ళో లెక్కలు చెబుతుంది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. నోటి దురుసులో ఊరి మొత్తానికి మార్గిట్ అత్త తరవాత తనే. పోయినేడు అమ్మమ్మ బునాద్ కట్టుకుని ఊరేగింపుకి వచ్చింది. నిలబడేవాళ్ళ కోసం కుట్టిన పావడా కదా, కుచ్చులన్నీ వెనక మూటకట్టి వీపులో పొడిచాయి, ముందు అంచు మోకాళ్ళెక్కింది, పక్క అంచు చక్రంలో ఇరుక్కుంది. నడివీధిలో ఊరేగింపు ఆగిపోయింది. బ్యాండు వాళ్ళు వాయించిన పాటే వాయిస్తూ ఉండిపోయారు. ఇన్ని తప్పులు కళ్ళెదుట ఉన్నా మార్గిట్ అత్త కొలబద్ద తియ్యలేదు. సున్నివా భుజం తట్టి, జాలిగా నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు సున్నివాకి ఏడాదంతా ముల్లులా గుచ్చుకుంది.

ఈ ఏడు ఊరేగింపు ముందు జెండా పట్టే వంతు తనకొచ్చింది. బునాద్‌లు కుట్టే దుకాణంలో అడిగితే, "ఒళ్ళో మంచి దుప్పటి కప్పుకోండమ్మా" అన్నారు. దుప్పటి కప్పుకుని జెండా పట్టుకోవడం కంటే ఇంట్లో కూర్చోవడం నయమనుకుంది సున్నివా. కానీ ఇంట్లో కూర్చోలేదు. అదే బునాద్ కట్టుకుని తిన్నగా మార్గిట్ అత్త ఇంటికి వెళ్ళింది.

"పోయినేడు నన్నెందుకు తిట్టలేదు?"

కాఫీ పొయ్యబోతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. "నిన్నెలా తిడతానే, పిల్లా..."

"హెర్డిస్‌ని తిట్టినట్టే. నేను ఈ ఊరి మనిషిని కానా? అంచు ఎక్కడుండాలో చెప్పండి."

"మడమకి బెత్తెడు పైన."

"మరి నాది కొలవండి."

మార్గిట్ అత్త కొలబద్ద తీసి వంగింది. కొలిచింది. మొహం కందగడ్డలా అయింది.

"ఛీ ఛీ, మోకాలి మీద అంచేమిటే! ఈ అవతారంతో వీధిలోకెలా వచ్చావు?"

సున్నివాకి ప్రాణం లేచొచ్చింది. "కూర్చుంటే అంతే కదా అత్తా!"

"నిలబడితేనే లెక్క అని నియమంలో ఎక్కడుంది? తప్పు నీది కాదు, పావడాది. విప్పు!"

ఇక ఆ ఇంట్లో రోజూ యుద్ధమే. కూర్చుంటే పావడా ఏమవుతుందో చూడ్డానికి అత్త ఆఫీసు వాళ్ళు పారేసిన చక్రాల కుర్చీ ఒకటి తెచ్చుకుని, బునాద్ కట్టుకుని, దాని మీద దొర్లుతూనే బంగాళాదుంపలు ఉడకబెట్టింది. తన అంచు తనే చక్రం కింద పడేసుకుని తనని తనే తిట్టుకుంది.

"కుచ్చులు ముందుకి తెద్దాం" అంది సున్నివా.

"నా ప్రాణం పోయినా కుచ్చులు వెనకే ఉంటాయి!"

"అయితే పొద్దుపోయేదాకా వాటి మీద కూర్చుని చూడండి."

అత్త మధ్యాహ్నం దాకా కూర్చుంది. సాయంత్రానికి కుచ్చులు ముందుకొచ్చాయి. వెనక చదును, పక్కలు బిగువు, ముందు పొడుగు. ప్రతి కొలతా సున్నివా చెప్పింది, ప్రతి కుట్టూ అత్త గొణుక్కుంటూ వేసింది.

పండగ రోజు ఆకాశం మబ్బుపట్టి ఉంది. సున్నివా వచ్చీ రాగానే హెర్డిస్ కళ్ళు మెరిశాయి. ఎన్నేళ్ళ కసి!

"మార్గిట్ అత్తా! దీనికి వెనక కుచ్చుల్లేవు. ఇది బునాదేనా?"

"కూర్చో" అంది అత్త.

"నేనా?"

"ఆ బెంచీ మీద కూర్చో."

హెర్డిస్ కూర్చుంది. కొలబద్ద దిగింది. హెర్డిస్ అంచు పిక్కలెక్కి ఉంది. సున్నివా అంచు మడమకి సరిగ్గా బెత్తెడు పైన నిలిచింది.

"కూర్చున్నాక నీది తప్పు, ఈ పిల్లది ఒప్పు. వెళ్ళి సరిగ్గా కుట్టించుకో."

బెంచీ మీదున్న ఆడవాళ్ళంతా గబగబా అంచులు కిందికి లాక్కున్నారు.

కుర్చీకి బిగించిన గొట్టంలో జెండా నిలబెట్టి సున్నివా కదిలింది. బ్యాండు అందుకుంది. ఇంతలో వీధి వీధంతా అదిరేలా ఒక కేక వినపడింది.

"సున్నివా! చేతికి ఆ గడియారం ఏమిటే? బునాద్ మీద గడియారమా? సిగ్గులేదూ?"

ఊరందరి ముందూ తిట్టు తిన్న ఆనందంతో సున్నివా గడియారం విప్పింది. దాన్ని కావాలనే పెట్టుకొచ్చింది మరి.

మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మార్గిట్ అత్త చర్చి మెట్ల మీద నిలబడి ఉంది. హెర్డిస్ సంచీలోంచి లాక్కున్న నల్ల కళ్ళద్దాలు ఆవిడ ముక్కు మీద ఉన్నాయి, వాటి కింద చెయ్యి పెట్టి బుగ్గలు తుడుచుకుంటోంది.

"అత్తా! బునాద్ మీద నల్ల కళ్ళద్దాలా?" అని అరిచింది సున్నివా.

"ఎండే, ఎండ!" అని అంతకంటే గట్టిగా అరిచింది అత్త.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి.