తల వంచిన మునిరాజు

బాటసారుల కోసం చలివేంద్రాలు పెట్టించిన దొరల పేర్లు రాళ్ల మీద ఎన్నో చదివాను. కుండ పక్కన కూర్చుని నీళ్లు పోసినవాడి పేరున్న రాయి మాత్రం ఇన్ని ఊళ్లు తిరిగినా నాకు కనబడలేదు. బెంగళూరు చిక్కపేటలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, కృష్ణప్ప దుకాణంలో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ రాళ్లే గుర్తొస్తాయి. ఇప్పుడాయన ఫోటోలకు ఫ్రేములు కడతాడు. ఒకప్పుడు వాయుసేనలో ఫోటోగ్రాఫరు.

ఆయన పనిచేసిన దళం కూడా ఒక చలివేంద్రమే, కాకపోతే ఆకాశంలో. ఇంధనం మోసే పెద్ద విమానం ఎగురుతూనే పొడవాటి గొట్టాన్ని వెనక్కి వదులుతుంది. యుద్ధవిమానం వెనకనుంచి వచ్చి గొట్టం కొసను అందుకుని, నేల మీదికి దిగకుండానే నింపుకుని పోతుంది. పెద్ద విమానం తోకలో ఒక ఇరుకు గది, దానికొక అద్దాల కిటికీ. ఆ అద్దం ముందు వెనక్కి మొహం పెట్టి కూర్చుని గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు మునిరాజు. అతని భుజం మీదుగా కెమెరా పెట్టేవాడు కృష్ణప్ప. ఇద్దరూ చిక్కపేట తెలుగువాళ్లే, అంత ఎత్తున కూడా ఇంటి మాటే.

“తల అడ్డం ఉండాదప్పా, వంచు.”

“ఇంకెంత వంచేది? మెడ తీసి జేబులో పెట్టుకోనా?”

“పెట్టుకో. నీ మొహం ఎవురిక్కావాల?”

మునిరాజు నవ్వి వంచేవాడు. ఏళ్ల తరబడి వంచాడు.

రిటైరై ఊరికి వచ్చిన కొన్నాళ్లకే అతను గుండెజబ్బుతో పోయాడు. నిరుడు ఆ దళం తన చరిత్రను పుస్తకంగా వేసి, పాతవాళ్లకూ పోయినవాళ్ల ఇళ్లకూ పంపింది. ఫోటోలు చాలామటుకు కృష్ణప్పవే. ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఒక ఆదివారం మునిరాజు కూతురు సౌమ్య దుకాణానికి వచ్చింది. బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో పని ఆమెకు. నేనప్పుడు అక్కడే కాఫీ తాగుతున్నాను.

“మామా, దీంట్లో నాయన లేడే?”

“పేరుండాది కదమ్మా, చివర్న.”

“పేరు కాదు మామా. ఏం పని చేస్తారని అమ్మ ఎన్నిసార్లు అడిగినా, వెనక్కి తిరిగి కూర్చోవడమే అని నవ్వేసేవాడంట. ఆ కూర్చున్నదొకటి చూడాలంటా ఉండాది. మీకాడ ఒక్కటన్నా ఉంటాది కదా?”

కృష్ణప్ప లేచి వెతకలేదు. లేదని ఆయనకు తెలుసు. పుస్తకం తీసుకుని మెల్లగా పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. సాయంత్రపు మబ్బులు, గొట్టం కొసన ఒక యుద్ధవిమానం. ఎంత చక్కని బొమ్మ అది!

“దీంట్లో ఉన్నాడమ్మా. ఆ పొద్దు వంచడం మరిచినాడు. చెవీ, దవడా, కొంచెం నవ్వూ పడినాయి. బాగుండదని నేనే బ్లేడుతో కోసేసి ఇచ్చినా.”

“నెగెటివ్?”

“పుస్తకం వచ్చిన దినమే దళంవాళ్లకు ఫోన్ చేసి అడిగినా తల్లీ. పాతవైపోయి, ఒకదానికొకటి అంటుకునిపోయినాయంట.”

సౌమ్య కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

“ఏ పక్క కోసినారు మామా?”

కృష్ణప్ప ఎడమ అంచు చూపించాడు. ఆమె పుస్తకాన్ని బల్ల మీద పరిచి, ఆ అంచు పక్కన ఖాళీగా ఉన్న చెక్క మీద వేలు పెట్టింది. “ఇక్కడనా?”

“ఇంకొంచెం కిందికి. ఆ, అక్కడే.”

ఆమె ఫోటో తీయడానికి ఫోను ఎత్తి, పేజీతో పాటు ఆ ఖాళీ చెక్కను కూడా కలిపి చూసుకుంది. “అమ్మకు చూపిస్తా. నాయన ఈడ ఉండాడని చెప్తా.”

కృష్ణప్ప చెయ్యి ఆ చెక్క మీదే ఉంది. అడ్డమవుతుందని గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“ఉండనీ మామా,” అంది సౌమ్య.

ఆయన చెయ్యి మళ్లీ బల్ల మీదికి రాలేదు.